స్పృహ లేని మనిషి తరఫున ఎవరు ఒప్పుకోవాలి?

ములకలపల్లి చుట్టుపక్కల అడవి పల్లెల్లో మనిషికి ప్రాణం మీదికొచ్చే దెబ్బలు కొత్తవేమీ కావు. తాటిచెట్టు మీదనుంచో జీలుగు చెట్టు మీదనుంచో పట్టు తప్పి పడతారు. కూలికి పోయే ఆటో మలుపులో బోల్తా పడుతుంది. చీకట్లో దీపాల్లేకుండా ఆగి ఉన్న లారీని బైకు గుద్దుతుంది. దెబ్బతిన్న మనిషిని ఎవరో ఒకరు మోసుకొచ్చి రోడ్డెక్కిస్తారు. 108 వస్తుంది. పాల్వంచ, కొత్తగూడెం, భద్రాచలం, ఏది అందితే అక్కడికి. అక్కడ కాదంటే ఖమ్మం, అదీ కాదంటే వరంగల్ ఎంజీఎం, హైదరాబాద్ నిమ్స్. ఈ దారి పొడవునా అతనికి సూది గుచ్చుతారు, సెలైన్ ఎక్కిస్తారు, గొట్టం వేస్తారు, అవసరమైతే కడుపు కోసి చూస్తారు. అతను మాట్లాడే స్థితిలో లేడు గనక ఏదీ అతన్ని అడిగి చేయరు, దాన్నెవరూ తప్పుపట్టరు. అదే మనిషికి, అదే స్థితిలో, రెండు వైద్యాల్లో ఏది మెరుగో తేల్చే పరిశోధనలో భాగంగా ఒక మందు ఎక్కిస్తే మాత్రం మనసు ఒప్పుకోదు. ఆ మనసు చెప్పేది సబబేనా, సబబైతే ఎంతవరకు అన్నది వైద్యశాస్త్రం ఒక్కటే తేల్చగల ప్రశ్న కాదు. మనిషి దేహం ఎవరిది, మాట పడిపోయిన మనిషి తరఫున మాట్లాడే హక్కు ఎవరిది అనే పాత ప్రశ్నే ఇక్కడ కొత్త రూపంలో ఎదురవుతోంది.

చట్టం ఈ చిక్కును సగం దాకా విప్పింది. 1860 నాటి శిక్షాస్మృతిలోని 92వ సెక్షను, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 30వది, సమ్మతి చెప్పలేని స్థితిలో ఉన్న మనిషికి అతని మేలు కోరి సదుద్దేశంతో చేసిన పని నేరం కాదంటుంది. పాత స్మృతి అందుకు ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి, గుర్రం మీదనుంచి పడి స్పృహ తప్పినవాడి పుర్రెకు రంధ్రం చేసే శస్త్రవైద్యుడు. ఇంకొకటి, పులి ఈడ్చుకుపోతున్న మనిషిని కాపాడటానికి, గుండు అతనికే తగలవచ్చని తెలిసి కూడా పులి మీద తుపాకి పేల్చేవాడు. రెండో ఉదాహరణను అడవి అంచున బతికేవారికి విడమరిచి చెప్పనక్కర్లేదు. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసి, గాయపడి వచ్చినవాడి ప్రాణం కాపాడటం ప్రతి వైద్యుడి బాధ్యత అంది. ఇక్కడిదాకా అన్నీ ‘అతని మేలు’ అనే ఒక్క స్తంభం మీద నిలబడ్డాయి. పరిశోధన ఆ స్తంభాన్ని కొంత కదిలిస్తుంది. అందులో అతని మేలుతోపాటు అతని తర్వాత అదే మంచం మీదికి వచ్చేవారి మేలు కూడా లెక్కలోకి వస్తుంది. ఒకరి దేహం ద్వారా ఇంకొకరికి పనికొచ్చే సంగతి తెలుసుకుంటున్నాం. అడగకుండా ఇలా చేయవచ్చా?

చేయకూడదని వెంటనే అనేయాలనిపిస్తుంది. అలా అనేముందు తలదెబ్బలకు ఇచ్చిన స్టెరాయిడ్ల కథ తెలుసుకోవాలి. తలకు బలమైన దెబ్బ తగిలితే స్టెరాయిడ్లు ఇవ్వడం ముప్పై ఏళ్లకు పైగా అనేక దేశాల్లో సాగిన అలవాటు. మెదడు వాపు తగ్గి మనిషి తేరుకుంటాడన్నది ఆశ. ఇచ్చిన వైద్యులెవరూ చెడ్డవారు కారు, చదువు తక్కువవారూ కారు. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ నుంచి ఇయాన్ రాబర్ట్స్ బృందం నడిపిన ‘క్రాష్’ పరీక్ష ఈ అలవాటును తూకం వేసింది. 20,000 మందిని చేర్చుకోవాలనుకున్నవారు 10,008 మంది దగ్గరే ఆపేయాల్సి వచ్చింది. 2004లో వెలువడిన ఫలితం ప్రకారం, రెండు వారాల్లోపు చనిపోయినవారు స్టెరాయిడ్ అందుకున్న వర్గంలో 21.1 శాతం, మందు లేని ఉత్త ద్రవం అందుకున్న వర్గంలో 17.9 శాతం. వందకు ముగ్గురు అదనంగా పోయారు. అన్నేళ్లపాటు ఎన్ని దేశాల్లో, ఎన్ని ఆసుపత్రుల్లో ఆ ముగ్గురు పోయి ఉంటారో తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. వారందరికీ ఆ మందు ఇచ్చింది వైద్యం పేరిటే. వారినీ ఎవరూ అడగలేదు. మేలు చేస్తుందో కీడు చేస్తుందో తెలియని మందును స్పృహ లేని మనిషికి ఇవ్వడం ఎలాగూ ప్రయోగమే. తేడా ఒక్కటే, అలవాటుగా ఇచ్చినప్పుడు ఫలితం ఎవరూ రాసుకోరు, అందులోంచి ఎవరూ నేర్చుకోరు. పరిశోధన వద్దన్నంత మాత్రాన ఆ మనిషి ప్రయోగం నుంచి తప్పించుకున్నట్టు కాదు.

దీనికి రెండో పక్క కూడా ఉంది. జపాన్‌లో ఉటాకో, షోసుకే ఒకమోటో దంపతులు 1962లో కనిపెట్టిన ట్రానెగ్జామిక్ ఆమ్లం చవక మందు. గడ్డకట్టిన రక్తం కరిగిపోకుండా పట్టి ఉంచుతుంది. దెబ్బతిని రక్తం ఓడుతున్నవారికి అది పనికొస్తుందా అని చూసిన ‘క్రాష్-2’ పరీక్షలో 40 దేశాల్లోని 274 ఆసుపత్రుల నుంచి 20,211 మంది చేరారు. అందరికంటే ఎక్కువమంది మన దేశంవారే. 2010లో ఫలితం వచ్చింది. మరణాలు 16 శాతం నుంచి 14.5 శాతానికి తగ్గాయి. మరుసటి ఏడాది వివరంగా చూస్తే తేలిందేమిటంటే, దెబ్బ తగిలిన గంటలోపు ఇస్తే రక్తస్రావంతో పోయే ముప్పు దాదాపు మూడోవంతు తగ్గుతుంది, మూడు గంటలు దాటాక ఇస్తే మేలు లేకపోగా కీడు చేసే సూచనలున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో దీన్ని ఈ అవసరానికి అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. రాబర్ట్స్ బృందం 2011లో ఇంకో సంగతి బయటపెట్టింది. మొదటి ‘క్రాష్’ పరీక్షలో బంధువుల సంతకం తప్పనిసరి అన్న ఆసుపత్రుల్లో మందు మొదలవడానికి 1.2 గంటలు ఎక్కువ పట్టింది. నిమిషాలతో నడిచే వైద్యంలో ఆ గంట చిన్న మూల్యం కాదు. కాగితం కోసం ఆగినంతసేపూ మందు శక్తి తరిగిపోతూనే ఉంటుంది. అలా ఆలస్యంగా ఇచ్చి తేల్చిన ఫలితం, మంచి మందును పనికిరానిదిగా చూపించినా చూపించవచ్చు.

ఇక బలమైన అభ్యంతరానికి వస్తాను. నాజీ వైద్యుల విచారణ ముగిశాక 1947లో వెలువడిన న్యూరెంబర్గ్ నియమావళి మొదటి మాటగానే, మనిషి స్వేచ్ఛగా ఇచ్చే సమ్మతి లేకుండా ప్రయోగం కూడదంది. అక్షరాలా తీసుకుంటే స్పృహ లేనివారిమీద ఏ పరిశోధనా చేయకూడదు. ఆ మాట వెనక మానవజాతి చూసిన నరకం ఉంది, దాన్ని తేలిగ్గా పక్కన పెట్టే అధికారం ఎవరికీ లేదు. అయినా దాని ప్రాణం ఎక్కడుందో చూడాలి. నాజీ శిబిరాల్లో మనుషులు మెలకువగా ఉన్నారు. వద్దని అరిచారు. వారికి జబ్బు లేదు. జబ్బును వారిలోకి ఎక్కించారు. నియమావళి కాపాడదలచింది ఆ ‘వద్దు’ను. 1964 నాటి హెల్సింకి ప్రకటన, దాని తర్వాతి సవరణలు ఈ తేడాను గుర్తించి, సమ్మతి చెప్పలేకపోవడానికి కారణమైన స్థితే పరిశోధన విషయమైనప్పుడు, కఠినమైన షరతులమీద దారి వదిలాయి. మన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు కూడా నైతిక సంఘం అనుమతితో, స్పృహ వచ్చాక చెప్పి తీరాలన్న షరతుతో ఆ తలుపు కొద్దిగా తెరిచే ఉంచాయి. తలుపు తెరిచి ఉండటం న్యాయమే. అందులోంచి ఎవరు లోపలికి వస్తారన్నదే భయపెట్టే సంగతి. ఆ భయం ఉత్తుత్తిది కాదని ములకలపల్లి ఉన్న ఈ ప్రాంతానికి బాగా తెలుసు.

2009 జులైలో ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకాలు వేశారు. ఇవి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే టీకాలు. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి చేపట్టిన పని అది. సుమారు 14,000 మంది బాలికలు. వారిలో ఎంతోమంది హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న గిరిజన పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో గొడవ రేగి 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపించింది. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. ఇది స్పష్టంగా చెప్పాలి, లేకపోతే మంచి టీకా మీద అన్యాయంగా నింద పడుతుంది. కాని విచారణలో ఇంకొకటి తేలింది. పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలవి, 2,763 హాస్టల్ వార్డెన్లు సంతకం చేసినవి. పాత్ సంస్థ తనది మందు పరీక్ష కాదని, వాడుకలో ఉన్న టీకాను ఎలా అందించాలో చూసే కార్యక్రమమని వాదించింది. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 ఆగస్టు నివేదికలో ఆ వాదనను ఒప్పుకోలేదు, సమ్మతి తీసుకున్న తీరును గట్టిగా తప్పుపట్టింది.

ఈ ఉదంతాన్ని చూపించి, ఇలాంటి నేలమీద అడగకుండా చేసే పరిశోధన మాటే ఎత్తవద్దని ఎవరైనా అంటే ఆ ఆగ్రహం నాకు అర్థమవుతుంది. అయితే అక్కడ జరిగిన తప్పు సంతకం లేకపోవడం కాదని గమనించాలి. సంతకాలు వేలకొద్దీ ఉన్నాయి. ఆ పిల్లలెవరూ స్పృహ తప్పి లేరు. టీకాకు మూడు గంటల గడువు లేదు. తల్లిదండ్రులు బతికే ఉన్నారు, బస్సెక్కితే చేరుకోగల పల్లెల్లోనే ఉన్నారు. వారిని అడగడానికి నెలల వ్యవధి ఉంది. వెళ్లి, కూర్చుని, వారి భాషలో చెప్పడం కంటే హాస్టల్ గదిలో ఒకరిచేత కట్టలకొద్దీ సంతకాలు పెట్టించడం సులువు గనక అలా చేశారు. కాగితం దొరికింది, అడగడం మాత్రం జరగలేదు. గాయం వైద్యంలోనూ ఇదే ప్రమాదం పొంచి ఉంది. అర్ధరాత్రి రక్తపు బట్టలతో ఆసుపత్రి వరండాలో నిలబడ్డ భార్య ముందు పది పేజీల పత్రం పెట్టి సంతకం చేయమంటే, ఆమె చేస్తుంది. చేయకపోతే వైద్యం ఆగిపోతుందేమోనన్న భయంతో చేస్తుంది. తెలుగు చదవలేని కోయ కుటుంబమైతే వేలిముద్ర వేస్తుంది. ఆ కాగితం ఆసుపత్రిని కాపాడుతుంది, మంచం మీది మనిషికి అది చేసే మేలు ఏమీ లేదు. అందుకే బంధువు సంతకం చాలునన్న మధ్యేమార్గం నాకు నచ్చదు. అది ఆలస్యం తెస్తుంది, గౌరవం తేదు.

సుశ్రుతుడు మూత్రాశయంలోని రాయిని కోసి తీసే శస్త్రచికిత్స గురించి చెబుతూ, చేయకపోతే చావు నిశ్చయం, చేస్తే ఫలితం సందేహం, కాబట్టి ప్రభువు అనుమతి తీసుకుని చేయమన్నాడు. ఆనాటి సమాజంలో రోగిమీద అధికారం ఎవరిదో ఆ సలహాలో కనిపిస్తుంది. ఆ అధికారపు తాళంచెవి తర్వాత చేతులు మారింది. ప్రభువు పోయి తండ్రి, తండ్రి లేనిచోట వార్డెన్, ఆసుపత్రిలో పెద్ద డాక్టరు. పైవాడు ఒప్పుకుంటే కిందివాడు ఒప్పుకున్నట్టే అన్న తర్కం మాత్రం మారలేదు. ఈ తర్కానికి జవాబు మన తత్వవిచారంలోనే దొరుకుతుంది. గాఢనిద్ర నుంచి లేచినవాడు హాయిగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు అంటాడు. ఏమీ తెలియని ఆ వేళలో కూడా తాను ఉన్నాడని అతనికి తెలుసు. దీన్ని ఆధారం చేసుకుని అద్వైతులు, జ్ఞానం ఆగినా ఆత్మ ఆగదన్నారు. నైయాయికులు ఆ తీర్మానాన్ని ఒప్పుకోలేదు, లేచాక చేసే ఊహ మాత్రమే అన్నారు. ఆ వాదంలో ఎవరు గెలిచారన్నదాంతో మనకిప్పుడు పని లేదు. పడుకున్నవాడు, లేచినవాడు ఒక్కడే అన్నచోట ఇద్దరూ కలుస్తారు. స్పృహ తప్పిన మనిషి ఆ కాసేపూ యజమాని లేని దేహం కాడు, ఎవరో ఒకరు యజమానిగా సంతకం పెట్టడానికి. అతను లేస్తాడు. లేచి, నాకేం చేశారని అడుగుతాడు. లేవకపోతే అతని మనుషులు అడుగుతారు. ఆ ప్రశ్నకు కళ్లలోకి చూసి జవాబు చెప్పగలిగిన పని మాత్రమే అతను పడి ఉన్నప్పుడు చేయవచ్చు. ఐసీఎంఆర్ పెట్టిన ‘స్పృహ వచ్చాక చెప్పాలి’ అన్న షరతు తర్వాత తీర్చుకునే లాంఛనమని నేననుకోను. పని మొదలుపెట్టే ముందే దాన్ని కొలిచే గీటురాయి అది.

ఆ జవాబు ఎలా ఉండాలి? పరిశోధనలో ఎవరికి ఏ వైద్యం అన్నది వైద్యుడు ఎంచడు, చీటీ తీసినట్టు నిర్ణయమవుతుంది. ఇది చాలామందికి దారుణంగా తోస్తుంది, ప్రాణంతో జూదమా అంటారు. అన్నదమ్ములు పొలం పంచుకునేటప్పుడు చీటీలు వేస్తారు. వాటాలు సమానమని పెద్దలంతా నమ్మినప్పుడే ఆ చీటీ ధర్మం. ఒక వాటాలో బావి ఉందని తెలిసి, దాచిపెట్టి చీటీ వేస్తే అది మోసం. వైద్యంలోనూ అంతే. రెంటిలో ఏది మేలో నిపుణులెవరికీ నిజంగా తెలియనప్పుడు, చీటీ వల్ల రోగి పోగొట్టుకునేది ఏమీ లేదు. అతనికి దక్కేది అప్పటికి ఉన్న మంచి వైద్యాల్లోనే ఒకటి. అమెరికాలో 2003 చివర మొదలైన పాలీహీమ్ పరీక్షలో ఈ హద్దు దాటారు. రక్తానికి బదులుగా వాడే ఆ ద్రవాన్ని అంబులెన్సులో ఇవ్వడం సబబే, అక్కడ ఎలాగూ రక్తం ఉండదు. ఆసుపత్రి చేరాక, పక్కనే అసలు రక్తం ఉన్నా, కొన్ని గంటలపాటు అదే ద్రవం కొనసాగించారు. చేరిన 720 మందిలో పాలీహీమ్ వర్గంలో మరణాలు 13.4 శాతం, రెండో వర్గంలో 9.6 శాతం. చివరికి ఆ మందుకు అనుమతి దక్కలేదు. ఒక వాటాలో బావి ఉందని తెలిసీ చీటీ వేసినట్టయింది.

ఇక్కడ ఒక మతపరమైన వాదన వినబడుతుంది, దాన్ని గౌరవంగానే వింటాను. శతపథ బ్రాహ్మణం మనిషి దేవతలకు, ఋషులకు, పితరులకు, తోటి మనుషులకు ఋణపడే పుడతాడంటుంది. ఇవాళ రక్తం ఓడుతూ వచ్చినవాడికి ట్రానెగ్జామిక్ ఆమ్లం దొరుకుతోందంటే, పేరు తెలియని ఇరవై వేల మంది, అందులో వేలమంది మనదేశపు క్షతగాత్రులు, తమ దేహాలతో ఆ సంగతి తేల్చి పెట్టారు గనక. మనం వారికి ఋణపడ్డాం. కాబట్టి ప్రతివాడూ తన వంతు వచ్చినప్పుడు పరిశోధనలో చేరి తీర్చాలి, అడగాల్సిన పని లేదు అన్నది ఈ వాదన. మొదటి సగం నిజం. రెండో సగం అందులోంచి పుట్టదు. ఋణాన్ని ఋణపడ్డవాడు తెలిసి తీర్చాలి. స్పృహ లేనివాడి జేబులోంచి తీసుకుంటే అది వసూలు, తీర్చడం అనిపించుకోదు. పైగా అప్పు అందరిదీ అయినప్పుడు వసూలు మాత్రం సర్కారు దవాఖానాకు వచ్చే పేదల దగ్గరే జరగడం ఏ ధర్మం? ఖరీదైన ఆసుపత్రుల్లో చేరేవారు ఆ చీటీలో లేకపోతే, ఋణం మాట ఎత్తడానికే మనకు అర్హత లేదు. పరిశోధన ఎక్కడ జరుగుతోందో చూడటమంటే ఈ లెక్క చూడటమే. అందులో తేలిన మందు ఏ పల్లె నుంచి వచ్చే 108లో ఉందో, దెబ్బ తగిలిన మూడు గంటల్లోపు ఎవరి నరంలోకి ఎక్కుతోందో కూడా చూడాలి. వాగు పొంగి రోజంతా దారి తెగే ఊరికి ఆ మూడు గంటలు అందకపోతే, ఆ ఊరివారిని పరిశోధనలో చేర్చుకునే హక్కు ఎవరికీ లేదు.

అందుకే నా తీర్పు ఇది. అడగాలి, పడిపోయాక కాదు, ముందే అడగాలి. ఏ ఊళ్ల నుంచి క్షతగాత్రులు ఆ ఆసుపత్రికి వస్తారో ఆ ఊళ్లలో, అందరూ మెలకువగా, ఆరోగ్యంగా ఉన్నప్పుడు అడగాలి. అమెరికా 1996లో తెచ్చిన నిబంధన, అత్యవసర పరిశోధనకు ముందు ఆ ప్రాంత ప్రజలతో సంప్రదించాలని, బహిరంగంగా ప్రకటించాలని చెప్పింది. ములకలపల్లి వంటి ఐదో షెడ్యూలు ప్రాంతాల్లో సంప్రదింపుకు వేదిక కొత్తగా కట్టనక్కర్లేదు. 1996లోనే వచ్చిన పెసా చట్టం గ్రామసభకు గొంతు ఇచ్చింది. అది భూమి, ఖనిజం, అటవీ ఫలసాయం లాంటి వాటికోసం ఇచ్చిన గొంతే, దేహం గురించి అడగడానికి అంతకంటే తగిన చోటు మాత్రం లేదు. ఊరు ఒప్పుకుంటే మనిషి ఒప్పుకున్నట్టేనా అని అడగవచ్చు. కాదు. గ్రామసభలో గట్టిగా మాట్లాడేవారు కొందరే, ఆడవాళ్ల మాట చాలాచోట్ల వెనకే ఉంటుంది. ఊరి ఒప్పుదల ఎవరి దేహాన్నీ ఇచ్చేయదు. ఊరు వద్దంటే పరిశోధన ఆ ఊరి గడప తొక్కకూడదు, సరేనంటే ప్రతి మనిషినీ విడిగా అడిగే దారి తెరుచుకుంటుంది, అంతే. ఆ ఒక్క మనిషి ‘వద్దు’ ఊరంతటి ‘సరే’ కంటే పైది. పాలీహీమ్ పరీక్షలో వద్దనేవారు చేతికి నీలిరంగు పట్టీ కట్టుకు తిరగాలన్నారు. కాదన్నవాడి మీదే బరువు మోపారు. ఇక్కడ ఆ బరువు పరిశోధకులది కావాలి. కోయ భాషలో, ఆశా కార్యకర్త తోడుగా ఇంటింటికీ వెళ్లి చెప్పి, వద్దన్నవారి పేర్లు 108 సిబ్బంది, అత్యవసర విభాగం చూసుకోగల చోట ఉంచాలి. ఖర్చు ఎక్కువంటారు. 2009లో ఆ ఖర్చు మిగుల్చుకోబట్టే వార్డెన్ల చేత సంతకాలు పెట్టించారు.

ఇంత చేసినా కొందరు మిగిలిపోతారు. ఛత్తీస్‌గఢ్ నుంచి వలసొచ్చి అడవి లోపల గుడిసెలు వేసుకున్న గొత్తికోయలు, ఏ గ్రామసభ జాబితాలోనూ పేరు లేనివారు, ఈ రోడ్డు మీద రాత్రికి రాత్రి దాటిపోయే పరాయి రాష్ట్రపు లారీ డ్రైవర్లు. వారిని ముందుగా అడగడం కుదరదు, వారు పడిపోయినప్పుడు పక్కన ఎవరూ ఉండకపోవచ్చు. వీరిని పూర్తిగా వదిలేస్తే వీరి గాయాల గురించి ఎన్నటికీ ఏమీ తెలియదు, చేర్చుకుంటే అడగనివారిని చేర్చుకున్నట్టే. ముందే అడిగినవారికీ, అడగలేని వీరికీ ఒకే నియమం పెట్టడం సరికాదనిపిస్తుంది. ముందే అడిగి ఒప్పుకున్నవారి మీద కొత్త మందును పరీక్షించవచ్చు. ఎవరూ అడగలేని ఈ బాటసారుల విషయంలో మాత్రం, ఇప్పటికే వాడుకలో ఉండి, వైద్యులు రోజూ ఇస్తున్న రెండు పద్ధతుల్లో ఏది మెరుగో పోల్చే పరిశోధనకే చోటివ్వాలి. కొత్త మందును, అదెంత ఆశ పుట్టించేదైనా, వారి దాకా రానివ్వకూడదు. ఇందువల్ల కొన్ని సంగతులు ఆలస్యంగా తెలుస్తాయి. ఆ ఆలస్యంలో కొన్ని ప్రాణాలు పోవచ్చునని తెలిసే ఈ మాట అంటున్నాను.